ఇంట్లో తొక్కే సైకిల్: సాంచాను చూసినట్లే చూసి కొనండి

భివండీ అయినా, షోలాపూర్ అయినా మన ఇండ్లల్లో ఈ మధ్య తరచూ వచ్చే ముచ్చట ఇది. డాక్టరు షుగర్ కాగితం చూసి "రోజూ అరగంట నడవండి" అని చెప్పి పంపుతాడు. నడిచేందుకు జాగా ఏదీ? గల్లీలో ఒక పక్క టెంపోలు, ఇంకో పక్క బీములు దించే హమాలీలు, నడుమ మోరీ. వానాకాలం వస్తే భివండీ రోడ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఎండాకాలం షోలాపూర్‌లో పొద్దెక్కితే బయట కాలు పెట్టలేం.

అప్పుడు కొడుకు అంటాడు: "బాపూ, ఇంట్లనే తొక్కే సైకిల్ మిషన్ తెప్పిస్త. నెలనెలా కిస్తీ కట్టుకుందాం."

"గోడకు ఆనిచ్చిన సైకిల్ ఉండంగ మల్ల కొత్తదెందుకురా?" అని తండ్రి.

"ముందుగాల అది పెట్టేతందుకు జాగ ఎక్కడుందో చెప్పుండ్రి" అని తల్లి.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. ఎవరు తొక్కాలి, ఉన్న సైకిల్ పనికొస్తుందా, ఎక్కడ పెట్టాలి? ఈ మూడింటికీ జవాబు దొరకక ముందే డబ్బు కడితే, నెల తిరిగేసరికి ఆ మిషన్ మీద తువ్వాళ్లు ఆరుతుంటాయి. పగారులోంచి పోయిన డబ్బు మాత్రం తిరిగి రాదు.

నిజానికి ఇట్లాంటి మిషన్ కొనడంలో మనవాళ్లకున్న తెలివి దుకాణంలో అమ్మేవాడికి కూడా ఉండదు. చక్రం, బెల్టు, బేరింగు, లోడు, అదురు: ఇవన్నీ మనకు రోజూ చేతికి తగిలేవే. సాంచాను బేరం చేసేటప్పుడు రంగు చూసి కొనం కదా. దీన్నీ అట్లాగే చూద్దాం.

రోజంతా నిలబడేవాళ్లకు ఇంకా కసరత్తు ఎందుకు?

ఈ మాట చాలామంది అడుగుతారు. పది, పన్నెండు గంటలు సాంచాల నడుమ తిరిగేవాళ్లకు అలసట తక్కువేం కాదు. కానీ అలసట వేరు, కసరత్తు వేరు. నాలుగడుగులు వేసి ఆగి, దారం అతికి, మళ్లీ నిలబడే పనిలో గుండె, ఊపిరి వరుసగా పది నిమిషాలైనా వేగం అందుకోవు. నిలబడీ నిలబడీ పిక్కల్లో నరాలు ఉబ్బుతాయి. బీడీలు చుట్టే అక్కలకు, కండెలు చుట్టే వదినెలకు దీనికి తిరగబడ్డ బాధ. పొద్దంతా కూర్చునే ఉంటారు, చేతులు తప్ప ఒళ్లు కదలదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు కసరత్తు చేయాలి. అంటే రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు చేస్తే తక్కువలో తక్కువ లెక్క సరిపోతుంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనే అని తేల్చింది. మన బస్తీలు అందులో లేవని అనుకోవడానికి లేదు.

సైకిల్ తొక్కడంలో ఒక సుఖం ఉంది. ఒంటి బరువు సీటు మోస్తుంది, మోకాళ్ల మీద పడదు. అందుకే లావుగా ఉన్నవాళ్లకూ, మోకాళ్ల నొప్పితో నడవలేనివాళ్లకూ ఇది నప్పుతుంది.

పేరు ఒకటే, సరుకు మూడు రకాలు

"ఇంట్లో తొక్కే సైకిల్" అని అడిగితే మూడు వేరు వేరు వస్తువులు చూపిస్తారు.

మొదటిది ఎక్సర్‌సైజ్ సైకిల్. చక్రాలు ఉండవు. సీటు, పెడల్, హ్యాండిల్, ముందు ఒక బరువైన ఫ్లైవీలు, అన్నీ ఒకే చట్రంలో వస్తాయి. తెచ్చి బిగిస్తే ఇంట్లో ఎవరైనా ఎక్కవచ్చు. వీపుకు ఆనుకునే సీటున్న రకం కూడా ఉంటుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు అది తేలిక. కానీ జాగా ఎక్కువ తింటుంది.

రెండోది ట్రైనర్ స్టాండ్. మన సైకిల్‌నే దీనికి బిగిస్తాం. వెనక చక్రం ఇరుసును రెండు పక్కల పట్టుకుని, చక్రాన్ని కొంచెం లేపి, టైరుకు ఒక చిన్న రోలరును ఆనిస్తుంది. తొక్కితే చక్రం తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. పని అయ్యాక విప్పితే అదే సైకిల్ మీద డ్యూటీకి పోవచ్చు.

మూడోది రోలర్లు. నేల మీద పెట్టే చట్రంలో మూడు గొట్టాలు ఉంటాయి, వాటి మీద సైకిల్ నిలబెట్టి తొక్కాలి. ఎక్కడా బిగింపు ఉండదు. తొక్కేవాడు తనే నిభాయించుకోవాలి, తప్పితే పక్కకు పడతాడు. పందేలకు తయారయ్యే కుర్రవాళ్లకు మంచిదే. షుగర్ తగ్గాలని తొక్కే పెద్దవాళ్లు దాని జోలికి పోవద్దు.

లోడు ఎట్లా వస్తుంది?

పెడల్ బరువుగా తగలకపోతే కసరత్తు లేదు. ఆ బరువును వాళ్లు రెసిస్టెన్స్ అంటారు, మనం లోడు అందాం. అది ఎట్లా వస్తుందో అడిగితే సగం బేరం తెలిసిపోతుంది.

రాపిడి లోడు: ఫ్లైవీలుకు ఫెల్టు ముక్కనో, బెల్టునో ఒత్తిపెడతారు. సాంచాలో బీముకు తాడు చుట్టి బరువులు వేలాడదీస్తామే, అదే సూత్రం. చవక. అయితే ఒత్తే ముక్క అరుగుతుంది, మార్చాలి. కొనేటప్పుడే "ఈ ప్యాడు విడిగా దొరుకుతుందా?" అని అడగండి.

గాలి లోడు: చక్రానికి రెక్కలుంటాయి. ఎంత వేగంగా తొక్కితే అంత లోడు, అంత మోత. తొక్కేవాడికి సాంచాల చప్పుడు ముందు ఇదెంత అనిపించవచ్చు. పక్క ఖోలీలో పడుకున్నవాడికి అట్లా అనిపించదు. ఎయిర్‌బైక్ అని పేరు పెట్టి అమ్మేవాటిలో కొన్ని గాలితో పాటు బెల్టు రాపిడి మీద కూడా నడుస్తాయి. పేరు చూసి పోకుండా అడిగి చూడండి.

అయస్కాంతం లోడు: తిరిగే లోహపు చక్రం దగ్గరకు అయస్కాంతాలను జరుపుతారు. ఒకదానికొకటి తాకవు కాబట్టి అరుగుదల లేదు, చప్పుడు తక్కువ. ఒక నాబ్ తిప్పితే లోడు మెట్టుమెట్టుగా పెరుగుతుంది. మన ఇండ్లకు ఎక్కువ నప్పేది ఇదే.

నూనె లోడు: కొన్ని ట్రైనర్ స్టాండ్లలో మూసిన డబ్బాలో ద్రవం, అందులో తిరిగే రెక్క ఉంటాయి. నిజం రోడ్డు మీద తొక్కినట్లే మెత్తగా ఉంటుంది, వేగంతో పాటు లోడు తనంతట తానే పెరుగుతుంది. ధర కూడా ఎక్కువే. పాతది కొంటే డబ్బా కింద నూనె మరక ఉందేమో చూడాలి. సీలు పోతే బాగు చేసేవాడు దొరకడం కష్టం.

గోడకు ఆనిచ్చిన సైకిల్ పనికొస్తుందా?

తండ్రి అడిగిన మాటకు ఇక్కడ జవాబు. గేర్ల సైకిల్ అయితే చాలావరకు పనికొస్తుంది. పాత నల్ల సైకిల్ అయితే అనుమానమే. ట్రైనర్ స్టాండ్లను ఎక్కువగా గేర్ల సైకిళ్లను దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. చాలా స్టాండ్లు 26 నుంచి 29 ఇంచుల చక్రాలకే సరిపోతాయి, పిల్లల సైకిళ్లు వాటిలో కూర్చోవు. నల్ల సైకిల్‌కు వెనక ఇరుసు దగ్గర స్టాండు కాళ్లు, క్యారియర్ కడ్డీలు, మడ్‌గార్డు కడ్డీలు, చైన్ కవరు అన్నీ గుమిగూడి ఉంటాయి. ట్రైనర్ దవడలు పట్టుకోవడానికి నట్టు బయటికి కనబడాలి కదా. క్యారియర్, స్టాండు విప్పితే కొన్నిటికి కుదురుతుంది, కొన్నిటికి కుదరదు. ట్రైనర్‌తో పాటు వచ్చే ఇరుసు కడ్డీ క్విక్ రిలీజ్ చక్రాలకు మాత్రమే. నట్లతో బిగించే ఇరుసుకు వేరే నట్లు కావాలి. ఇవన్నీ డబ్బు కట్టక ముందే సైకిల్ దుకాణంలో బండి పెట్టి చూసుకోవాలి.

ఇంకో సంగతి టైరు. గట్లు గట్లుగా ఉండే మౌంటెన్ బైక్ టైరు రోలరు మీద తిరిగితే గుర్రుమని మోగుతుంది, తొందరగా అరుగుతుంది. నున్నటి టైరు వేసుకోవాలి. గాలి తక్కువుంటే టైరు జారుతుంది, వేడెక్కుతుంది. ఎక్కిన ప్రతిసారీ గాలి చూసుకోవాలి. ముందు చక్రం కింద చిన్న దిమ్మె పెడితే బండి సమంగా ఉంటుంది.

గేర్లు లేని సైకిల్‌కు లోడు మార్చే నాబ్ లేని ట్రైనర్ తగిలిస్తే తేలికగానో, బరువుగానో తొక్కాలంటే వేగం మార్చుకోవడం ఒక్కటే దారి. కొత్తగా మొదలుపెట్టే పెద్దవాళ్లకు అది ఇబ్బంది.

స్మార్ట్ ట్రైనర్ అనేవి కూడా వచ్చాయి. కొన్నిటికి వెనక చక్రం పూర్తిగా తీసి చైన్‌ను నేరుగా మిషన్‌కే తగిలిస్తారు. ఫోన్‌తో, టీవీతో కలుస్తాయి, తెరమీద ఎక్కుడు వస్తే లోడు దానంతటదే పెరుగుతుంది. సైకిల్ పందేలకు పోయే పిల్లలకు నిజంగానే పనికొచ్చే సాధనం. కానీ ధర పదివేలల్లో మొదలై పైకి పోతూనే ఉంటుంది, దానికి తగ్గ గేర్ల సైకిల్ కావాలి, కొన్ని యాప్‌లకు నెలనెలా చందా కూడా. అరగంట చెమట పట్టడానికి అదేమీ అక్కరలేదు.

జాగా, చప్పుడు, చెమట

తల్లి అడిగిన మాటే అన్నిటికన్నా గట్టిది. కొనక ముందు సుద్దముక్క తీసుకుని నేల మీద గీత గీయండి. మామూలు ఎక్సర్‌సైజ్ సైకిల్‌కు నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు అనుకోండి. స్టాండుకు బిగించిన సైకిల్‌కు దాదాపు ఆరు అడుగుల పొడవు కావాలి. రెండు పక్కల దిగే జాగా వేరే. ఆ గీత లోపలికి రాకుండా నాలుగు రోజులు ఇంట్లో తిరగండి. రాత్రి పరుపులు పరిచే చోటు తగ్గిపోతే ఆ మిషన్ ఇంట్లో నిలవదు. మడత పెట్టే రకాలున్నాయి, అవి జాగా తక్కువ తింటాయి. అయితే బరువైన మనిషి ఎక్కితే ఊగుతాయేమో ఎక్కి చూడాలి.

చప్పుడు సంగతి సాంచాల దగ్గర పనిచేసేవాళ్లకు చెప్పేదేముంది! గాలిలో వచ్చే మోత ఒకటి, నేలలోంచి పాకే అదురు ఇంకొకటి. పై అంతస్తులో తొక్కితే కింది ఇంటి పైకప్పు గుయ్యిమంటుంది. ఆ కింది ఇంట్లో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు పగలు పడుకుని ఉంటాడు. కింద మందపాటి రబ్బరు షీటు పరవండి. అదురు తగ్గుతుంది, చెమట నేలమీద పడదు. చాళ్‌లో చెక్క అటక మీద మాత్రం పెట్టవద్దు.

బయట సైకిల్ తొక్కితే ఎదురుగాలి ఒంటిని చల్లారుస్తుంది. ఇంట్లో ఆ గాలి ఉండదు, వేడి ఒంట్లోనే నిలుస్తుంది. ఎదురుగా ఫ్యాన్ పెట్టుకోవాలి, నీళ్లు దగ్గర ఉండాలి. మగ్గాల షెడ్డులోనే ఒక మూల పెట్టుకుందాం అనే ఆలోచన వద్దు. తొక్కేటప్పుడు ఊపిరి లోతుగా పీలుస్తాం, దాంతో పాటు పత్తి దుమ్మును కూడా.

ఎక్కే మనిషి కొలత

మిషన్ మీద రాసి ఉండే బరువు హద్దు చూడండి. ఇంట్లో అందరికన్నా బరువైన మనిషికి ఆ హద్దు చాలినంత పైన ఉండాలి. ఆ తరువాత సీటు ఎత్తు. దుకాణంలో పొడుగు కుర్రవాడు ఎక్కి చూపిస్తాడు. ఇంట్లో తొక్కేది ఐదడుగులు కూడా లేని అమ్మ. సీటు బాగా కిందికి దిగుతుందా లేదా అన్నది ఆమెకు ముఖ్యం. కాలు ఎత్తి దాటకుండా నడుమ నుంచే ఎక్కే రకం అయితే చీర కట్టుకునేవాళ్లకు, ముసలివాళ్లకు సుఖం.

సీటు ఎత్తు పెట్టుకునే పద్ధతి సులువు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి చిప్ప నొస్తుంది, మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది.

షెడ్డులో బెల్టు దగ్గరికి వదులు బట్టలతో పోకూడదని పిల్లలకు చెప్తాం. ఇక్కడా అదే కట్టుబాటు. చీర కొంగు నడుముకు దోపుకోవాలి, చున్నీ తీసేయాలి, లుంగీ వద్దు. తిరిగే చక్రం, చైన్ బయటికి కనబడే రకమైతే చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మరీ జాగ్రత్త. వాళ్ల వేళ్లు అందులోకి పోవడానికి క్షణం చాలు.

చేత్తో పట్టి, చెవితో విని

కొత్తదైనా పాతదైనా ఐదు పనులు చేయండి. పెడల్ కడ్డీ పట్టుకుని పక్కలకు ఊపండి, టకటకమంటే బేరింగు వదులు. మెల్లగా చేత్తో తిప్పండి, గరగరమని తగిలితే లోపల అరిగింది. వేగంగా తొక్కి వదిలేయండి, ఫ్లైవీలు ఊగకుండా తిన్నగా తిరగాలి. లోడు నాబ్ మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా తిప్పండి, ప్రతి మెట్టులో కాలికి తేడా తెలియాలి. చివరిగా లేచి నిలబడి తొక్కండి, చట్రం నేలను వదలకూడదు.

పార్సిల్‌లో వస్తే ఇంట్లోనే బిగించుకోవాలి. ఎడమ పెడల్ చూడీ తిరగబడి ఉంటుంది, దాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిప్పి బిగించాలి. తెలియక బలవంతంగా కుడివైపు లాగే తిప్పితే చూడీ తెగిపోతుంది, మిషన్ మొదటి రోజే మూలకు చేరుతుంది. వారంటీ కాగితం మీద ఎన్నేళ్లు అని ఉన్నా, మన ఊరికి మిస్త్రీని పంపుతారా, మనమే మిషన్ పంపాలా అన్నది ముందే అడగాలి.

ముందున్న చిన్న తెర మీద కనబడే క్యాలరీల అంకె అంచనా మాత్రమే. మనిషి బరువు, వయసు అడగకుండానే చూపించే అంకెను నమ్మి ఇంకో రెండు పూరీలు తినవద్దు. నిమిషాలు లెక్క పెట్టుకుంటే చాలు.

డబ్బు కట్టక ముందు ఒక నెల

కిస్తీ మొదలుపెట్టక ముందు ఒక నెల పరీక్ష పెట్టుకోండి. మిషన్ మీద ఏ వేళకు కూర్చుంటామని అనుకుంటున్నారో ఆ వేళకే రోజూ ఇరవై నిమిషాలు మేడ మీదనో, వరండాలోనో నడవండి. క్యాలెండర్‌లో గీత పెట్టండి. నెలకు ఇరవై గీతలు పడితే ధైర్యంగా కొనండి. ఐదు కూడా పడకపోతే మిషన్ వచ్చినా పడవు. ఆ డబ్బు చిట్టీలోనే ఉండనివ్వండి.

ఇంకో దారి కూడా ఉంది. నాలుగు ఇండ్లు కలిసి ఒక గట్టి ఎక్సర్‌సైజ్ సైకిల్ తెచ్చి సంఘం హాల్లోనో, గుడి పక్క గదిలోనో పెట్టుకోవచ్చు. సీటు పైకీ కిందికీ జరుగుతుంది కాబట్టి అందరికీ పనికొస్తుంది. ఆడవాళ్లకు ఒక వేళ, మగవాళ్లకు ఒక వేళ. ఒంటరిగా ఇంట్లో మానేసేవాళ్లు పక్కింటి వదినె పిలిస్తే వస్తారు.

మొదలుపెట్టేవాళ్లకు

గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, మిల్లు దుమ్ముతో ఆయాసం వచ్చేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఈఎస్ఐ కార్డు ఉంటే ఆ దవాఖానలో చూపించుకోవచ్చు. మొదటి వారం పది నిమిషాలు, తేలిక లోడు చాలు. వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోతే అరగంటకు చేరతారు. తొక్కుతూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగమే సరైన వేగం.

ఇన్సులిన్ గానీ, షుగర్ గోళీలు గానీ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో ఎక్కవద్దు. చేతులు వణికి, చల్లని చెమట పట్టి, కళ్లు తిరిగితే వెంటనే దిగి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగాలి. అందుకే చక్కెర డబ్బా దగ్గర పెట్టుకోండి. వాళ్లు చెప్పులు లేకుండా తొక్కవద్దు. బూట్లు వేసుకుని, దిగాక అరికాళ్లు చూసుకోవాలి. ఛాతీలో పట్టేసినట్లు నొప్పి వచ్చినా, ఆ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా "గ్యాస్ అయి ఉంటుంది" అని కూర్చోవద్దు. దవాఖానకు పోవాలి.

చివరికి లెక్క ఇంతే. ఇంట్లో ఒక్కరే తొక్కేది, మంచి గేర్ల సైకిల్ ఉంది, ఆరడుగుల జాగా ఉంది అంటే అయస్కాంతం ట్రైనర్ స్టాండ్ తీసుకోండి. అమ్మ, బాపు, కోడలు, కొడుకు అందరూ ఎక్కాలంటే సీటు బాగా దిగే అయస్కాంతం ఎక్సర్‌సైజ్ సైకిల్ మంచిది. జాగా లేకుంటే నలుగురు కలిసి తెచ్చుకోండి. ఈ మూడింటిలో ఏదీ కుదరకపోతే మెట్లు ఉన్నాయి, మేడ ఉంది. అవి ఎక్కి దిగడానికి కిస్తీ అక్కరలేదు.